గళ్ళ కాగితము నుండి ఆటల ఎడిటరు వరకు: సౌలభ్య సాధనల విచారము

ఏ కళకైనను పనిముట్టు కలదు. పనిముట్టు సులభమైనకొలది కళ పెరుగునని కొందరును, సులభమైనకొలది కళ క్షీణించునని కొందరును వాదింతురు. రెండు వాదములును పాతవే. అచ్చుయంత్రము వచ్చిన నాడును, హార్మోనియము వచ్చిన నాడును, మరమగ్గము వచ్చిన నాడును ఈ మాటలే వినవచ్చినవి. నేడీ తగవు వీడియో ఆటల ప్రపంచమున మరల తలయెత్తినది. అందలి విశేషమేమనగా, అచ్చట పనిముట్టును నిర్మించువారే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పి తీరవలసియున్నది. ఒక బొత్తామును ఉంచుటయు, వేరొక బొత్తామును తీసివేయుటయు ఆ సమాధానములోని భాగములే.

వీడియో ఆటలో ఆటగాడు దాటవలసిన ఒక్కొక్క రంగమునకు లెవెలని పేరు. నాటకమునకు అంకమెట్టిదో ఆటకు లెవెలట్టిది. గోడ యెచట నుండవలెను, గోయి యెంత వెడల్పుండవలెను, శత్రువు ఏ మలుపున ఎదురుపడవలెను, నిధి ఎంత ఎత్తున దాగవలెను అను నిర్ణయములన్నియు కూడి లెవెలగును. తొలుత ఈ పని ఆటలను తయారుచేయు సంస్థలలోని వారిదే. పిదప కొన్ని సంస్థలు ఆ పనిముట్టునే కొనువారి చేతికిచ్చినవి. దానినే లెవెల్ ఎడిటరు అందురు. దానితో పదేండ్ల బాలుడైనను తన రంగమును తాను కూర్చి, తోడివానిని ఆడుమనవచ్చును. ఆ బాలునికై పనిముట్టును ఎంతవరకు సులభము చేయవలెను? ఏ మేర దాటిన అతని కల్పనకు పని లేకుండపోవును? ఎంత కఠినముగా విడిచిన అతడు మొదటి గంటలోనే విసిగి లేచిపోవును? ఎడిటరుల గుణదోష విచారణకు ఈ ప్రశ్నలే ఆయువుపట్లు.

సోలాపురము తెలుగువారికి ఇది పరాయి చర్చ కాదు. 1877లో ఆ నగరమున మొదటి నూలుమిల్లు వెలసిన పిదప తెలంగాణపు పల్లెలనుండి పద్మశాలీ కుటుంబములు పెక్కు తరలివచ్చి దాజీ పేట్, సాఖర్ పేట్, భవానీ పేట్ మున్నగు పేటలలో నిలిచినవి. మిల్లులు మూతపడినను మరమగ్గముల చప్పుడు మిగిలినది. 2005-06లో సోలాపురి చాదరునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చాదరుమీది నెమలియు, లతయు, పూలబుట్టయు నూలుమీద కన్న ముందు గళ్ళ కాగితముమీద పుట్టినవి. గడిలో ఏమి ఉంచవలెను, ఏ గడిని విడువవలెను అను విచారము ఈ పేటలలో జీవనోపాధి. ఆటల ఎడిటరును పరీక్షించుటకు ఇంతకంటె తగిన ఒరగల్లు వేరొకటి లేదు.

జకార్డు మగ్గమునకు డిజైను వ్రాయువాని పనిని కొంచెము నిదానించి చూడవలెను. అతని యెదుటి కాగితమున నిలువు వరుస ఒక్కొక్కటి ఒక పడుగు పోగునకు, లేదా దానిని లేపు కొక్కెమునకు గుర్తు. అడ్డు వరుస ఒక్కొక్కటి ఒక పేకకు గుర్తు. గడిని రంగుతో నింపిన పడుగు పైకి లేచును. విడిచిన అడుగున నిలుచును. చేయవలసిన క్రియలు రెండే: నింపుట, విడుచుట. అయిదేండ్ల పిల్లయు వీనిని నేర్వగలదు. కాని ఆ కాగితమును చదువునది మగ్గము. కొక్కెములు నాలుగు వందలైనచో బొమ్మ నాలుగు వందల వరుసలలో ముగిసి మరల మొదటికి రావలెను. తీగ కుడి అంచున ఎచట ఆగునో, ఎడమ అంచున అచటనే అందుకొనవలెను. పోగు చాలదూరము బంధము లేక పైననే తేలిపోయినచో, కాగితముమీద నిగనిగలాడిన నెమలిమెడ వాడుకలో గాజుకు తగిలి తెగిపోవును. కావున నిండు రంగు నడుమ అక్కడక్కడ బంధపు చుక్కలు వేయవలెను. ఆ చుక్కలు బొమ్మను చెరుపకుండ దానిలో ఒదుగవలెను. పడుగు సాంద్రతయు పేక సాంద్రతయు సమానము కానిచోట ఆ లెక్కకు సరిపడు గళ్ళ కాగితమును ఎన్నుకొనకున్న, కాగితముపై గుండ్రనైన పూవు గుడ్డపై కోడిగ్రుడ్డగును. నింపిన గళ్ళనుబట్టి అట్టలకు రంధ్రములు కొట్టుదురు. పేక కొక అట్ట. ఆ అట్టలను వరుసగా కుట్టి మగ్గము నెత్తిన వేలాడదీయుదురు. నమూనా గుడ్డ దిగిన నాడుగాని తప్పొప్పులు పూర్తిగా తేటపడవు.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. పనిముట్టునందు కష్టమేమియు లేదు. కష్టమంతయు పదార్థమునందును పర్యవసానమునందును ఉన్నది. కాగితము ఎవనిని బెదరింపదు. నూలు ఎవనిని క్షమింపదు. ఈ పొందిక ఏ పండితుడును ఆలోచించి కుదిర్చినది కాకపోవచ్చును. అయినను నేటి ఎడిటరుల నిర్మాతలు వెదకుచున్న పొందిక ఇదియే.

జకార్డు అట్టకును కంప్యూటరునకును గల చుట్టరికము సుప్రసిద్ధము. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జోసెఫ్ మరీ జకార్డు తన యంత్రమును రూపొందించెను. సుమారు 24,000 అట్టలతో పట్టుపై నేసిన జకార్డు చిత్రపటమొకటి ఆంగ్ల గణితజ్ఞుడు చార్లెస్ బాబేజీ యొద్ద నుండెడిది. తాను తలపెట్టిన గణనయంత్రమునకు అట్టలనే వాడదలచెను. ఇంతవరకు చాలమంది వ్రాసినదే. అంతగా చెప్పబడని చుట్టరికము వేరొకటి కలదు. 1985లో జపానునందు నింటెండో సంస్థ వెలువరించిన సూపర్ మారియో బ్రదర్సు ఆటలోని లెవెళ్ళను షిగెరు మియమోటో, తకాషి తెజుకా అనువారు గళ్ళ కాగితముమీదనే పెన్సిలుతో గీసిరి. ఆ కాగితములను చూచి ప్రోగ్రాము వ్రాయువారు రంగములను యంత్రమున కెక్కించిరి. ఇటుక ఒక గడి, గొట్టము రెండు గళ్ళ వెడల్పు, గోయి ఇన్ని గళ్ళు అని లెక్క. దాజీ పేట్ డిజైనరు ఆ కాగితమును చూచినచో బొమ్మలను గుర్తింపలేకపోవచ్చును. పనిని మాత్రము తప్పక గుర్తించును.

ఇక ఎడిటరుల సంగతి. 1983లో బ్రోడర్‌బండ్ సంస్థ ప్రచురించిన లోడ్ రన్నరు అను ఆట ఈ చరిత్రలో మేటి ఘట్టము. దాని కర్త డగ్లస్ స్మిత్. అందు నూట యేబది లెవెళ్ళుండగా, వానితోపాటు ఎడిటరునుగూడ ఇచ్చిరి. రంగము 28 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ ఎత్తు. గడిలో ఉంచదగిన వస్తువులకు సున్న నుండి తొమ్మిది వరకు పది అంకెలు: శూన్యము, త్రవ్వదగిన ఇటుక, త్రవ్వరాని రాయి, నిచ్చెన, వ్రేలాడు తాడు, కాలుపెట్టిన జారు దొంగ ఇటుక, చివరకుగాని కనబడని నిచ్చెన, బంగారము, కావలివాడు, ఆటగాడు. నేర్వవలసినది ఇంతియే. త్రవ్విన ఇటుక కొంతసేపటికి తిరిగి పూడుకొనునన్న ఒక్క నియమము వలన ఈ పది వస్తువులు పరస్పరము కలహింప మొదలిడును. కావలివాడు గోతిలో పడును. వాని నెత్తిమీదుగా నడువవచ్చును. కాని ఆలసించిన వాడు పైకి ప్రాకి వెంటబడును. రాతిప్రక్క బంగారమునుంచుట ఒక సమస్య, ఇటుకలక్రింద ఉంచుట వేరొక సమస్య. పది అక్షరముల భాషలో అన్ని వాక్యములుండగలవని ఆ ఎడిటరు చూపినది.

వస్తువులు కొలదిగానుండుటయే గుణమని దీనినిబట్టి భావింపరాదు. సోలాపురపు తెలుగు ఇండ్లలో స్త్రీలు బీడీలు చుట్టుదురు. ఆకుమీద రేకు అచ్చునుంచి కత్తిరింతురు. అచ్చుకంటె సులభమైన పనిముట్టు లేదు. ఆకు వృథా పోకుండ కత్తిరించుటలో నేర్పుగూడ కలదు. అయినను అన్ని ఆకులును ఒకే ఆకృతిగా దిగవలెను. అచ్చట సౌలభ్యము కల్పనకు తలుపు తీయదు. వేయి బీడీల లెక్కకే తీయును. వీడియో ఆటలలోగూడ ఇట్టి ఎడిటరులు పెక్కు వచ్చినవి. సిద్ధముగానున్న గదులను మూడింటిని ప్రక్కప్రక్కల నతికించి, ఇది నీ సృష్టి యని ఆటగానిని పొగడుట వాని పద్ధతి. అవి అచ్చులు, గళ్ళ కాగితములు గావు.

ఈ విచారమున శ్రమకును సాధనకును గల భేదమును విడదీసి చూపుట అవసరము. వ్యవహారమున రెండింటిని కష్టమను ఒక్క మాటతోనే చెప్పుదురు. శ్రమయనగా అర్థమేమియు పెరుగకయే చేతిని అలసించునది. సాధనయనగా చేయుకొలది తెలివిని పదునుపెట్టునది. నేతలో దీనికొక గొప్ప నిదర్శనము కలదు. పోచంపల్లి తరహా చీరకు చిటికి కట్టుటకు ముందు పోగును మేకులచుట్టు త్రిప్పి ఆసుపోయవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు కదలవలెనని లెక్క. ఈ పని సామాన్యముగా ఇంటి స్త్రీలపాలబడెను. ఆలేరు సమీపమున పుట్టిన చింతకింది మల్లేశము తన తల్లి భుజపునొప్పి చూడలేక ఏండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసుపోయు యంత్రమును సాధించి, దానికి ఆమె పేరనే లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. విమర్శదృష్టితో చూచినచో ఆ యంత్రపు ఘనత అది చేసిన పనియందు ఎంత కలదో, చేయక విడిచిన పనియందును అంత కలదు. ఏ పోగును ఎచట కట్టి రంగునుండి కాపాడవలెనను నిర్ణయము దానికి పట్టదు. ఆ నిర్ణయము నేతగానికే మిగిలినది. శ్రమ తీరినది, సాధన నిలిచినది.

ఈ కొలతబద్దతో 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేరు వెలువరించిన డూమ్ ఆటను చూడవలెను. ఆ సంస్థ తన ఎడిటరును అమ్మకములో చేర్చలేదు. కాని లెవెళ్ళ సమాచారమును ఆటయొక్క యంత్రాంగమునుండి వేరుపరచి ప్రత్యేకమైన ఫైలులో నుంచినది. దానినిబట్టి 1994లో అభిమానులే ఎడిటరును నిర్మించుకొనిరి. ఆ పనిముట్టు ఏ విధమునను సులభము గాదు. గీతలు గీయవలెను, గీతకు ఏ వైపున ఏ గదియో చెప్పవలెను, గది నేలకును కప్పునకును ఎత్తులు వ్రాయవలెను, పిమ్మట వేరొక ప్రోగ్రాముచే లెక్కలు కట్టింపవలెను. ఒక గీత కలియకున్న రంగమంతయు చెడును. అయినను వేలకొలది లెవెళ్ళు పుట్టినవి. అభిమానుల బృందమొకటి కూర్చిన లెవెళ్ళ సంపుటిని 1996లో ఆ సంస్థయే ఫైనల్ డూమ్ అను పేర అమ్మకమునకు స్వీకరించినది. కఠినమైన పనిముట్టే మంచి పనివానిని పుట్టించునన్నవారికి ఇది బలమైన సాక్ష్యము.

సాక్ష్యము బలమైనదే, తీర్పు మాత్రము తొందరపాటు. డూమ్ నందలి కష్టములు రెండు తెగలు. గదిమీద గది నిర్మింపరాదన్న నియమము ఆ ఆట స్వభావమునుండి వచ్చినది. దానిని దాటజాలక, దాటినట్లు భ్రమ కలిగించుటకై కర్తలు మెట్లను, కిటికీలను, వంకర దారులను కల్పించిరి. నాలుగు వందల కొక్కెములకు లోబడి తీగను అంతము లేనిదిగా చూపు డిజైనరు చేయు పనియు ఇట్టిదే. కాని గీత కలియకున్న ఏ గీత కలియలేదో చెప్పక మొండికేయుట ఆట స్వభావము గాదు. అది కేవలము పనిముట్టు లోపము. దానిని ఓర్చుకొన్నవారు గొప్ప లెవెళ్ళు చేసిరనుట నిజము. ఓర్వలేక విడిచిపోయినవారిలో ఎట్టి కర్తలుండిరో ఎవరు లెక్కింపగలరు? గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చుండు తీరిక గలవానికే ఆ వరుసలో చోటు దొరకినది. ఈ లోపమును ఘనతగా చెప్పుకొనుట, భుజపునొప్పిని నేతవిద్యలో భాగముగా చెప్పుట వంటిది.

2008లో ఇంగ్లండునందలి మీడియా మాలిక్యూల్ సంస్థ నిర్మించిన లిటిల్ బిగ్ ప్లానెట్ దీనికి ఎదురుదారి పట్టినది. అందు గుడ్డ, అట్ట, స్పాంజి, కొయ్య వంటి పదార్థములను తెరమీద రుద్ది ఆకృతులు చేయవచ్చును. కర్తయే తన బొమ్మ రూపమున ఆ రంగమున తిరుగుచు కట్టుచుండును. అందలి సొగసైన ఏర్పాటు ఉష్ణమాపకము. ఒక్కొక్క వస్తువును చేర్చినకొలది తెర అంచున పాదరసమువలె గుర్తు పైకెక్కును. నిండినచో మరేమియు చేర్చరాదు. యంత్రపు శక్తికి గల హద్దును పనిముట్టే కంటికి కట్టినట్లు చూపుట ఇందలి విశేషము. కొక్కెములెన్ని యున్నవో ముందే తెలిసిన డిజైనరు తన లతను ఆ కొలతకే అల్లుకొనును. హద్దు చివరనెప్పుడో తెలిసిన అతని పని వ్యర్థమగును. ఆ సంస్థయే 2020లో డ్రీమ్స్ అను పేర ఇంతకంటె విశాలమైన ఉపకరణమును తెచ్చినది. శిల్పము, సంగీతము, చలనచిత్రము, ఆట అన్నియు అందు చేయవచ్చును. అద్భుతములైన కృతులు కొన్ని వచ్చినవి. కాని అన్నియు చేయగల పనిముట్టు ముందు కూర్చున్నవానికి ఏది మొదట చేయవలెనో తోచదు. లోడ్ రన్నరునందు ఖాళీ గడియే ఇచట ఏమి పెట్టెదవని అడుగును. డ్రీమ్స్ నందు ఖాళీ ఆకాశము ఏమియు నడుగదు. ఆ ఆటకు క్రొత్త చేర్పులను 2023 సెప్టెంబరుతో నిలిపివేసిరి.

2015 సెప్టెంబరులో నింటెండో వెలువరించిన సూపర్ మారియో మేకరునకు ఈ విచారమున ప్రత్యేక స్థానము కలదు. 1985 నాటి గళ్ళ కాగితము ముప్పది ఏండ్లకు సామాన్యుల చేతికి వచ్చినట్లైనది. తెరమీద గళ్ళు, ప్రక్కన వస్తువులు, వ్రేలితోనో పుల్లతోనో ఎత్తి పెట్టుట. పెట్టిన మరుక్షణమే ఆడి చూచుకొనవచ్చును. నమూనా గుడ్డకై వేచియుండవలసిన పని లేదు. వస్తువులన్నింటిని ఒక్కమారుగా ఈయక తొమ్మిది దినములపాటు కొలదికొలదిగా అందజేయవలెనని తొలుత తలచిరి. విడుదల సమయముననే ఆ గడువును సడలించి, కట్టుచున్నకొలది క్రొత్త వస్తువులు చేతికి వచ్చునట్లు మార్చిరి. గడియారమునుబట్టి నేర్పుట గురువు లక్షణము గాదు గనుక ఆ మార్పు సమంజసము.

అయితే ఆ ఎడిటరునందు అన్నింటికంటె విలువైనది ఒక చిన్న కట్టుబాటు. లెవెలును లోకమునకు విడువదలచినవాడు తాను దానిని ఆడి, తుదివరకు చేరి చూపవలెను. చేరలేనినాడు అది ప్రకటింపబడదు. ఈ కట్టుబాటు పనిముట్టును ఇసుమంతయు కఠినము చేయదు. కాని కర్తను కూర్చున్నచోటినుండి లేపి ఆటగాని స్థానమున నిలుపును. ఇతరులకు పెట్టిన ముల్లును ముందు తన కాలితో తొక్కి చూడుమనును. గుడ్డపై నేసి చూపనిదే డిజైనును అంగీకరింపని కార్ఖానా పద్ధతికిని దీనికిని భేదము లేదు.

ఆ కట్టుబాటు ఎంత బరువైనదో అది తప్పిన ఒక సందర్భమున తేటపడినది. ఆ ఆటకు ఇంటర్నెట్టు సేవలు 2024 ఏప్రిలు 8న ఆగిపోనుండగా, ఎవరిచేతను దాటబడని లెవెలొక్కటియు మిగులరాదని పట్టుబట్టిన ఆటగాండ్ర బృందమొకటి కలదు. ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా దాటుచు తుదకు ట్రిమ్మింగ్ ది హెర్బ్స్ అను 2017 నాటి లెవెలు దగ్గరకు వచ్చిరి. అది ఇరువది సెకండ్లైనను పట్టని చిన్న రంగము. ఎంత ప్రయత్నించినను లొంగలేదు. 2024 మార్చిలో దాని కర్త సత్యము వెల్లడించెను: దానిని దాటినది తన చేయి గాదు; యంత్రసహాయమున బొత్తాముల నొత్తించి దాటినట్లు చూపి ప్రకటించితినని. బృందమువారు దానిని లెక్కనుండి తొలగించిరి. పిమ్మట ఆ ట్రిమ్మింగ్ ది హెర్బ్స్ నుగూడ మానవహస్తమున ఒకడు దాటుట విశేషమే. అయినను అది కర్త దోషమును మాపదు. తాను నడువని దారిని నడువుమని లోకమునకు చూపుట ఆ దోషము.

ఇచట భారతీయాలంకారికుల తీర్పొకటి స్ఫురింపక మానదు. మమ్మటుడు చిత్రకావ్యమును కావ్యభేదములలో అడుగున నిలిపెను. బంధములు, ఏకాక్షరులు, నిరోష్ఠ్యములు కూర్చుట సామాన్యుల పని గాదు. తెలుగున గణపవరపు వేంకటకవి వంటివారు ఆ విద్యలో చూపిన శక్తి ఆశ్చర్యకరము. ఆలంకారికుని ఆక్షేపణ కష్టముమీద గాదు. రసమునకు తోడ్పడని కష్టముమీద. మారియో మేకరునందును చిత్రకవులు పుట్టిరి. జపాను భాషలో మార్పుచేయుటయని అర్థమిచ్చు కైజో అను పేర ప్రసిద్ధమైన లెవెళ్ళలో, ఒక్క అడుగు తప్పిన ప్రాణము పోవునట్లు ముండ్లు పరచియుండును. వానిలో శ్రేష్ఠమైనవి కొన్ని అవధానమునందలి సమస్యాపూరణమువలె చదువరి తెలివిని గౌరవించును: అపాయము కనబడును, ఉపాయము దాగియుండును, దొరకినపుడు ఆనందము కలుగును. తక్కినవి కంటికి కనబడని ఇటుకను నెత్తిమీద నుంచి నవ్వును. వీనికి సమస్య యని పేరు పెట్టరాదు. మంచి పృచ్ఛకుడు సమాధానము లేని సమస్య నీయడు.

పనిముట్టునకు అపారమైన వస్తుసంపద అవసరము లేదని చూపుటకు జపాను వరకు పోనక్కరలేదు. దాజీ పేట్ గడపలముందు తెల్లవారుజామున పడు ముగ్గు చాలును. ఏడు చుక్కలు, సందుచుక్క నాలుగు వరకు. పదునైదు చుక్కలు, సందుచుక్క ఎనిమిది వరకు. ఇదియే ఆ ఎడిటరు భాష. ఈ చిన్న సంకేతముతో చుక్కల రంగమంతయు మనసున నిలుచును. తరువాతి నియమము, మెలికల ముగ్గైనచో గీత చుక్కను తాకక చుట్టి రావలెననియు, ఎచట మొదలైనదో అచటికే చేరవలెననియు. చిన్నపిల్ల మూడు చుక్కలతో మొదలిడును. ఆమెకును తల్లికిని పనిముట్టు ఒక్కటే, పిండి. పిల్లకు వేరు పరికరము, పెద్దకు వేరు పరికరము అను భేదము లేదు. చుక్కల సంఖ్య పెరిగినకొలది సమస్య తానే పెరుగును. ఎడిటరుల నిర్మాతలు ఆరంభకులకొక తెర, నిపుణులకొక తెర యని రెండు నిర్మించి, ఒకదాని నుండి రెండవదానికి పోవుదారి లేక తికమకపడుట తరచుగా కనబడును. ముగ్గునందు ఆ దారి చుక్కలలోనే కలదు. ముగ్గు మరునాటికి చెరగిపోవునన్నది వేరుమాట. 1984లో జపానునందు వచ్చిన ఎక్సైట్‌బైక్ ఆటలో పోటీదారిని గీసికొను ఏర్పాటుండెను. గీసినదానిని దాచు పరికరమును మాత్రము ఇతర దేశములలో అమ్మలేదు. అచటి పిల్లలు యంత్రము నార్పినంతనే తమ దారులను పోగొట్టుకొనుచు, మరునాడు మరల గీసిరి.

ఇంకొక సంగతి. సోలాపురమున తెలుగు బిడ్డ ఇంట తెలుగును వీధిలో మరాఠీని మాటాడును. చుక్క, గడి, ఇటుక, నిచ్చెన అనువానికి ఏ భాషయు అడ్డురాదు. మంచి ఎడిటరు చదివించి నేర్పదు. పెట్టించి, పడవేయించి నేర్పును. పుటల కొలది ఆంగ్లపు సూచనలున్న పరికరము ఈ పేటల పిల్లలకు తలుపు మూసినట్లే. సౌలభ్యమును గూర్చిన చర్చలలో ఈ మాట అరుదుగా వచ్చును.

ఈ విచారమంతయు మగ్గమువైపు మరల తిరిగిన యెడల దాని ప్రయోజనము తేటపడగలదు. గళ్ళ కాగితపు స్థానమునకు కంప్యూటరు తెర వచ్చినది. అట్టలకు మారుగా ఎలక్ట్రానిక్ జకార్డు కొక్కెములకు నేరుగా ఆజ్ఞలనిచ్చును. డిజైను సాఫ్ట్‌వేరునందు గడిని నింపుట ఒక నొక్కు. మార్చుట ఇంకొక నొక్కు. పోగు ఎంతదూరము తేలుచున్నదో అదియే వెదకి చూపగలదు. ఇవియన్నియు లక్ష్మీ ఆసుయంత్రము కోవలోని సౌలభ్యములు; వీనిని కాదనుట తెలివి గాదు. కాని ఆ సాఫ్ట్‌వేరులోనే ఏ ఊరి బొమ్మనైనను స్కానుచేసి గళ్ళలోనికి దింపు సౌకర్యమును కలదు. అది బీడీ అచ్చు కోవలోనిది. మొదటిది డిజైనరు చేతిని విడిపించును. రెండవది డిజైనరునే తప్పించును. ఒకే తెరమీద రెండు బొత్తాములును ప్రక్కప్రక్కన నున్నవి. ఏ బొత్తాము ఎక్కువగా నొక్కబడునో దానినిబట్టి సోలాపురి చాదరునకు వచ్చిన గుర్తింపులో ఊరిపేరుతోపాటు ఊరి ఊహయు నిలుచునో, పేరు మాత్రమే మిగులునో తేలును. నకలు చౌక, ఎచటి నకలైనను ఎచటనైనను నేయవచ్చును, అందుకు ఈ పేటలే కావలసిన పని లేదు.

మారియో మేకరు కట్టుబాటు ఇచట పనికివచ్చును. గీసినవాడే నేసి చూపవలెనను పద్ధతి, గీయువానికి మగ్గపు గుణమును, నేయువానికి గీత గుణమును తెలుపును. తెరమీదనే పెరిగిన డిజైనరునకు తేలిన పోగు ఒక ఎఱ్ఱ గుర్తు మాత్రమే. అది గాజుకు తగిలి తెగుట ఎట్లుండునో గుడ్డను పట్టి చూచినవానికే తెలియును. పూర్వము ఒక గడి తప్పిన అట్ట మరల కొట్టవలసి వచ్చెడిది; ఆ వ్యయమునకు వెరచి క్రొత్తవారి చేతికి కాగితము నిచ్చువారు కారు. నేడా వెరపునకు కారణము లేదు. మిగిలిన వ్యయము ఒక్కటే: గజము నమూనా దిగువరకు ఒక మగ్గము కొన్ని గంటలపాటు అమ్మకపు సరకు నేయక ఆగవలెను. ఆటల ఎడిటరుమీద చేయి తిరిగిన పదునెనిమిదేండ్ల పిల్లకో పిల్లవానికో ఆ గంటలనిచ్చుటకు దాజీ పేట్ కార్ఖానాదారు లెక్క కుదురునా లేదా అనునది ఇంకను తేలవలసియున్నది.